నాలుగో తరగతికి పూల బొమ్మలు నేర్పిన మూడు వారాలు

విజయవాడ సింగ్‌నగర్ వైపు ఒక మున్సిపల్ ప్రాథమిక పాఠశాలలో నేను ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ని. నాలుగో తరగతి నాది, 31 మంది పిల్లలు. మా బడిలో డ్రాయింగ్‌కి వేరే టీచర్ లేరు. తెలుగూ నేనే, లెక్కలూ నేనే, బొమ్మలూ నేనే. నాకు బొమ్మలు వేయడం రాదని ముందే చెప్పేస్తున్నాను.

2025 అక్టోబరు 24 శుక్రవారం సాయంత్రం స్టాఫ్ మీటింగ్. నవంబరు 14కి ఒక్కో క్లాసు వాళ్లు గోడ మీద ఏదో ఒకటి పెట్టాలి, తల్లిదండ్రుల్ని కూడా పిలుద్దాం అన్నారు హెచ్ఎం గారు. నా వంతు వచ్చేసరికి "పూలు ఎదురుగా పెట్టి, చూసి వేయిస్తాను సార్" అనేశాను. మా అమ్మాయి ఆదివారాలు డ్రాయింగ్ క్లాసుకి వెళ్తుంది. వాళ్ల సార్ ఒక కూజా, రెండు నిమ్మకాయలు బల్ల మీద పెట్టి నెలంతా అవే వేయించారు. దాన్ని స్టిల్ లైఫ్ అంటారని అప్పుడే తెలిసింది. కూజా కంటే పూలే తేలిక కదా అనుకున్నాను. ఐదో తరగతి టీచర్ నా వైపు అదోలా చూసింది. తను మాత్రం ప్రింట్ తీసిన పూల బొమ్మలకు రంగులు వేయిస్తానంది. అప్పుడే అర్థం చేసుకోవాల్సింది.

బీరువాలో రంగులేమైనా ఉన్నాయేమోనని వెతికాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు కింది అరల్లో ఉన్న చార్టులు, రంగుల పెట్టెలు అన్నీ ముద్దయిపోయాయి. ఆ తర్వాత మళ్లీ ఎవరూ కొనలేదు. పై అరలో ఖాకీ అట్టల పేపర్ చుట్ట ఒకటి, ఎండిపోయిన స్కెచ్ పెన్నులు కొన్ని దొరికాయి.

27 నుంచి మొదలుపెడదాం అనుకుంటే మొంథా తుఫాను, సెలవులు. కిటికీలు బిగించుకుని ఇంట్లోనే కూర్చున్నాం కాబట్టి ముందు నేను నేర్చుకుందామని చెంబులో నాలుగు పూలు పెట్టుకుని వేశాను. మొదటి రాత్రి వేసింది చూసి మా ఆయన "ఇది చెంబా, బిందెనా?" అని అడిగారు. రెండో రాత్రి చెంబు బాగానే వచ్చింది కానీ గాలిలో తేలుతున్నట్టుంది. మా అమ్మాయి వచ్చి చెప్పింది: "అమ్మా, పైన మూతి గుండ్రంగా వేసి కింద అడుగు స్కేలుతో గీసినట్టు వేశావు. అడుగు కూడా కొంచెం వంపు తిరగాలి." చెంబు దగ్గరకెళ్లి చూశాను. నిజమే. ఇరవై ఏళ్లుగా రోజూ తోముతున్న చెంబు అది.

31వ తేదీ తెల్లవారుజామున ఐదున్నరకి వన్ టౌన్ పూల మార్కెట్‌కి వెళ్లాను. అరకిలో చామంతి 140, కిలో బంతి 80. సంచి నిండా పూలు చూసుకుని ఆనందంగా ఇంటికొచ్చాక గానీ తట్టలేదు, వాటికి కాడలు లేవని. మన మార్కెట్లో పూలు దండకు, పూజకు. తలకాయలు మాత్రమే తెంపి కిలోల లెక్కన అమ్ముతారు. సీసాలో నిలబెట్టడానికి పనికిరావు. కాడలతో కావాలంటే బొకేలు కట్టే షాపుకి పోవాలి. అక్కడ జెర్బెరా ఒక్కోటి 20 రూపాయలు. ఐదు కొన్నాను, క్లాసుకి ఒక్కో గుంపుకి ఒకటి చొప్పున. చామంతులకు కొబ్బరి చీపురు పుల్లలు గుచ్చాను. ఆ పూట మా చీపురు సగమైపోయింది.

అదే రోజు సాయంత్రం హోల్‌సేల్ స్టేషనరీ షాపులో 50 ఏ3 కార్ట్రిడ్జ్ షీట్లు, 400. పన్నెండు రంగుల ఆయిల్ పాస్టెల్స్ పెట్టెలు 16, ఇద్దరికి ఒకటి లెక్కన, 800. మామూలు మైనం క్రేయాన్లు ఇంకా చవక, కానీ రంగు పలచగా పడుతుంది, పిల్లలు గట్టిగా నొక్కి విరగ్గొడతారు. ఇది కూడా మా అమ్మాయి సలహానే.

నవంబరు 1, శనివారం. బెంచీలు గోడకి జరిపి, మధ్యలో ఐదు స్టూళ్లు వేసి, స్టూలుకొక పచ్చడి సీసా పెట్టాను. ఒక్కో స్టూలు చుట్టూ ఆరుగురు, ఒక దగ్గర ఏడుగురు. ఇంతవరకు చెప్పినంత సులువుగా జరగలేదు. సర్దడానికే ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. నలభై నిమిషాల పీరియడ్‌లో ఈ పని మొదలుపెట్టొద్దు, కనీసం రెండు పీరియడ్లు కలిపి తీసుకోండి.

ఏ3 షీటు పిల్లల పరీక్ష అట్ట మీద పట్టలేదు. షీటు నేల మీద పరిచి బోర్లా పడుకున్నారు. పడుకుంటే సీసా అడుగు తప్ప పూలు కనబడవు. లేచి చూడటం, మళ్లీ పడుకోవడం. చివరికి షీట్లన్నీ సగానికి కోశాను. 50 కాస్తా 100 అయ్యాయి, అదొక్కటే ఆ రోజు లాభం. ఫ్యాను వేస్తే చామంతులు పుల్లల మీద గిర్రున తిరిగాయి. ఆపితే ఉక్క. రెండు సీసాలు పడిపోయాయి. ఆ తర్వాత నుంచి నీళ్లు పోసే ముందు అడుగున గుప్పెడు కంకర వేశాను, మళ్లీ పడలేదు.

ఇక బొమ్మలు. ఎదురుగా చామంతి ఉంది. 31 మందిలో 27 మంది మధ్యలో ఒక సున్నా, చుట్టూ ఐదు రేకులు, కింద నిట్టనిలువు కాడ, రెండు వైపులా రెండు ఆకులు వేశారు. కొందరు సీసా మానేసి పువ్వుని నేలలో నాటారు. ఆరుగురు వెనకాల రెండు కొండలు, మధ్యలో సూర్యుడు పెట్టారు. ఒకమ్మాయి చుక్కలు పెట్టి కలిపి ఎంచక్కా ముగ్గు వేసింది, అది చూడముచ్చటగా ఉంది కూడా. గీసేటప్పుడు మాత్రం ఒక్కడంటే ఒక్కడు తల ఎత్తి సీసా వైపు చూడలేదు. "అది చూసి వెయ్యరా" అంటే "చూశాను టీచర్, పువ్వే కదా" అన్నాడు ఒకడు. వాడికేం చెప్పాలో తోచలేదు. చెంబు అడుగు నాకు మాత్రం తెలుసా?

ఇంకో సంగతి. గంట తిరిగేసరికి 16 పెట్టెల్లో పసుపు, నారింజ రంగులు అయిపోయాయి. బ్రౌన్, బూడిద, నలుపు ముట్టుకున్న పాపాన పోలేదు. షాపుకెళ్లి పసుపు ఒక్కటే ఇస్తారా అని అడిగితే "లూజు రాదు మేడం, పెట్టె కొనాల్సిందే" అన్నాడు. ఇరవై ఐదు రంగులవి రెండు, 240. అందరికీ ఒకే రంగు పూలు పెట్టకూడదని ఆ 240తో నేర్చుకున్నాను.

3వ తేదీ సోమవారం రంగులు తీయనివ్వలేదు. కాగితమూ ఇవ్వలేదు. తలా ఒక చామంతి చేతికిచ్చి ఒక్క నిమిషం మాట్లాడకుండా చూడమన్నాను. ఆ నిమిషం వాళ్లకంటే నాకే పొడుగ్గా అనిపించింది. తర్వాత రేకులు లెక్కపెట్టమన్నాను. మూడో గుంపులో కుర్రాడొకడు ఒక్కో రేకూ పీకి గచ్చు మీద వరసగా పేర్చాడు. వంద దాటాక లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టాడు. పీకిన రేకు మొదట్లో సన్నగా గొట్టంలా ఉందని వాడే చూపించాడు. చామంతి అనేది ఒక్క పువ్వు కాదు, బోలెడన్ని బుల్లి పూల గుత్తి, ఒక్కో రేకూ ఒక్కో పువ్వు అని చెప్పాను. క్లాసంతా చామంతులు పీకేశారు. అరకిలోలో మిగిలిన పూలు అలా పోయాయి. పోతే పోయాయి.

ఆ రోజే రబ్బర్లు వసూలు చేశాను. గీసింది చెరపడం, మళ్లీ గీయడం, షీటు చిరగడం. దీనికే సగం పీరియడ్ పోతోంది. అన్నీ టిఫిన్ డబ్బాలో వేసి నా టేబుల్ మీద పెట్టాను. ఇద్దరు ఏడ్చారు. ఒకడు సగం ముక్క జేబులో దాచాడు, నేను చూడనట్టే ఊరుకున్నాను.

5వ తేదీ కార్తీక పౌర్ణమి. ముందు రోజు చామంతి ధర అడిగి నోరు మూసుకుని వచ్చేశాను. కార్తీకంలో పూల బొమ్మలు పెట్టుకోవడం నా తెలివితక్కువతనం. "మీ ఇంటి దగ్గర ఏ పువ్వు ఉంటే అది, కాడతో తెంపుకురండి. పక్కింట్లో అయితే అడిగి తెండి" అని పిల్లలకు చెప్పాను.

6వ తేదీ గురువారం వచ్చిన పూలు చూడాలి. మందారాలు, నందివర్ధనాలు, బిళ్ళ గన్నేరు, శంఖుపూలు, కాలవ గట్టు నుంచి ఉమ్మెత్త, ఎర్ర గన్నేరు. ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మ జడలోంచి తీసిన కనకాంబరాల చెండు తెచ్చింది. గన్నేరు, ఉమ్మెత్త రెండూ విషమే. గన్నేరు విరిస్తే జిగురు పాలు కారతాయి. ఆ రెండూ పక్కకు తీసేసి, తెచ్చిన వాళ్లతో సబ్బు పెట్టి చేతులు కడిగించాను. మీరు కూడా పూలు తెమ్మంటే ఏవి తేకూడదో ముందే చెప్పండి.

మందారంతో వచ్చిన చిక్కు వేరు. పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుపోతుంది. డ్రాయింగ్ మాకు చివరి పీరియడ్. అప్పటికి సీసాల్లో అన్నీ తడిసిన గొడుగుల్లా వేలాడుతున్నాయి. పిల్లలు "చచ్చిపోయాయి టీచర్" అన్నారు. ఏం చేయాలో తెలియక స్మార్ట్ టీవీ పెట్టి వాన్‌గో అనే చిత్రకారుడి పొద్దుతిరుగుడు పూల బొమ్మ చూపించాను, 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్లో వేసింది. కాలక్షేపానికే. "ఇవి కూడా వాడిపోయాయి కదా టీచర్, ఎందుకేశాడు?" అని అడిగారు. నిజంగానే అందులో కొన్ని పూలు రేకులు రాలి, తల వంచి ఉంటాయి. "ఎదురుగా అలాగే ఉన్నాయి, అలాగే వేశాడు" అన్నాను. అంతకంటే నాకూ తెలియదు. కానీ ఆ తర్వాత వాడిన పూలని ఎవరూ పేచీ పెట్టలేదు.

మర్నాడు లెక్కలు చివరికి, డ్రాయింగ్ మొదటికి మార్చుకున్నాను. హెచ్ఎం గారు "లెక్కలు వెనకబడితే మీదే బాధ్యత" అన్నారు. సరే అన్నాను.

7వ తేదీ శుక్రవారం. ఆ రోజు గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. సీసాల్లో సగం దాకా నీళ్లు, నందివర్ధనం కొమ్మలు. కిటికీ వైపు గుంపులో ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడొకడు కాడని రెండు ముక్కలుగా వేశాడు. నీళ్ల పైన ఒక ముక్క, నీళ్ల లోపల ఇంకో ముక్క, రెండూ అతకలేదు. పక్కనున్న అమ్మాయి "టీచర్, వీడు కాడ విరగ్గొట్టాడు" అని నవ్వింది. నేను కూడా "సరిగ్గా కలుపు నాన్నా" అనబోయి, ఎందుకో వంగి వాడి తల పక్కన తల పెట్టి చూశాను. కాడ విరిగే ఉంది. నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో సరిగ్గా అక్కడ పక్కకు జరిగి, లోపల కొంచెం లావుగా.

అందర్నీ పిలిచాను. ఒక్కొక్కరే వచ్చి వాడి చోట కూర్చుని చూశారు. "అమ్మో, నిజంగా విరిగింది!" ఒకడు చెయ్యి పెట్టి కాడ బయటకు లాగాడు, బాగానే ఉంది. మళ్లీ లోపల పెట్టాడు, మళ్లీ విరిగింది. నీళ్లలోంచి బయటకు వచ్చేటప్పుడు వెలుగు దారి మార్చుకుంటుంది, అందుకే అలా అని చెప్పాను కానీ ఎవరూ విన్నట్టు లేదు, లాగడం పెట్టడంలో మునిగిపోయారు. ఆ పూట ఎవరి బొమ్మా పూర్తి కాలేదు. కానీ అందరూ ఎవరి సీసా దగ్గరకు వాళ్లు వెళ్లి చాలాసేపు చూశారు. నేను చెప్పకుండా వాళ్లంతట వాళ్లు చూడటం అదే మొదలు.

రెండో శనివారం, ఆదివారం సెలవులు. 10వ తేదీకి ఇంకో తలనొప్పి. నందివర్ధనం తెలుపు, కాగితమూ తెలుపు. "తెల్ల రంగు పడట్లేదు టీచర్." చుట్టూ నీలం పూయమంటే అరగంటకి చేతులు నొప్పులన్నారు. అప్పుడు గుర్తొచ్చింది బీరువాలోని ఖాకీ అట్టల పేపర్ చుట్ట. అది చాలక ఇంకోటి తెప్పించాను, 60. పుస్తకాలకు వేసే అట్టే, లోపలి గరుకు వైపు తిప్పి ఇచ్చాను. ఇన్నాళ్లూ ఎవరూ ముట్టని తెల్ల పాస్టెల్ ముక్కకి ఒక్కసారి గిరాకీ వచ్చింది. ఆ గోధుమ రంగు మీద తెల్ల రేకులు లేచి నిలబడ్డాయి. నందివర్ధనం రేకులు కాగితపు గాలిమరలా ఒకే వైపు తిరిగి ఉంటాయని ఇద్దరు కనిపెట్టారు. నీడకి నలుపు తీయబోతున్న వాడిని ఇంకొకడు ఆపి "నల్లగా లేదురా, నీలంగా ఉంది చూడు" అన్నాడు.

11వ తేదీ మంగళవారం నేనొక పని చేశాను. ఇంకా రెండు రోజులే ఉంది, ఐదో తరగతి వాళ్లవి అప్పుడే గోడ ఎక్కేశాయి, అన్నీ ఒకేలా నీట్‌గా. టెన్షన్‌లో ఉన్నాను. రెండో గుంపులో ముగ్గు వేసిన అమ్మాయి బొమ్మలో నందివర్ధనాలు బాగున్నాయి కానీ మధ్యలో ఎర్రగా ఒక మరక లాంటిది ఉంది. పాపం రంగు అలికేసుకుంది అనుకుని, తన చేతిలోంచి ఎర్ర పాస్టెల్ తీసుకుని, ఆ మరక మీద గుండ్రంగా, ఐదు రేకులతో చక్కటి మందారం వేసిచ్చాను. "ఇప్పుడెలా ఉంది?" అన్నాను. తను ఏమీ అనలేదు. మోచెయ్యి అడ్డం పెట్టుకుని మిగతాది వేసుకుంది.

12న అందరివీ తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి బరువు కోసం పైన రిజిస్టర్లు పెట్టాను. పొద్దున చూస్తే కింది బొమ్మ రంగు పై బొమ్మ వెనక్కి అంటుకుంది. ఆయిల్ పాస్టెల్ ఆరదు, మధ్యమధ్యలో న్యూస్‌పేపర్ పెట్టాలి. నాలుగు బొమ్మలు అలికిపోయాయి, వాటి వాళ్లకు మళ్లీ వేసుకునే టైము ఇచ్చాను. 13 సాయంత్రం ఆరున్నర దాకా గోడకి అంటించడం. టేపు వేస్తే పదినిమిషాల్లో సున్నంతో సహా ఊడొచ్చింది. చివరికి గదికి ఈ చివర నుంచి ఆ చివరకి తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీశాను. తాడు, క్లిప్పులు 110.

మొత్తం లెక్క చెప్పేస్తాను: 1,930. ఆటో ఖర్చు కాకుండా. బిల్లులు పెట్టండి చూద్దాం అన్నారు, పెట్టాను. నెల దాటింది, ఇంకా చూస్తూనే ఉన్నారు.

14వ తేదీ తల్లిదండ్రులు పదకొండు నుంచి రావడం మొదలైంది. చాలామంది ముందు ఐదో తరగతి గోడ దగ్గరే ఆగారు. మా గదిలోకి వచ్చి తాడు మీద అన్నీ ఒక్కో రకంగా, కొన్ని వంకరగా, కొన్ని వాడిపోయి ఉంటే "మావాడిది ఏదండీ?" అని వెతుక్కున్నారు. ఒకాయన విరిగిన కాడ బొమ్మ దగ్గర నిలబడి "ఇది తప్పేశాడు" అన్నారు. ఆ పిల్లాడు సమాధానం చెప్పకుండా వెళ్లి టేబుల్ మీదున్న సీసా ఎత్తుకొచ్చి ఆయన ముందు పెట్టాడు. ఒకావిడ చొక్కాకి అంటుకున్న నూనె రంగు ఎలా పోతుందని నన్ను అడిగింది. గిన్నెల సబ్బు రుద్ది వేడినీళ్లలో నానబెట్టమన్నాను, కొంచెం పోతుంది.

రెండో గుంపు అమ్మాయి వాళ్లమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆవిడ కాసేపు చూసి, మధ్యలో ఎర్ర మందారం మీద వేలు పెట్టి "ఇది భలే వేశావే" అంది.

"అది నాది కాదు, టీచర్ది" అంది ఆ పిల్ల. "మిగతావి నావి."

"పోనీలే, టీచర్ది బాగుంది కదా."

"బాగుందమ్మా. కానీ ఆ పువ్వు సీసాలో లేదు."